పాలు పడని మనిషి

"నాకు పాలు పడవండీ. చుక్క తగిలినా గొంతు వాచిపోతుంది," అన్నాడు ఏడ్రియన్.

ఆ నెలలో ఎన్నో హోటళ్లలో చెప్పిన మాటే అది. నిజానికి అతనికి పాలు పడతాయి. ఏదో ఒక తిండి పడనివాళ్లతో హోటళ్లు ఎలా మెలుగుతున్నాయో మామూలు మనిషిలా వెళ్లి చూసి రావడం అతని ఉద్యోగం. ప్రభుత్వం డబ్బిచ్చి చేయిస్తున్న పరిశోధన. దాన్ని బట్టే కొత్త చట్టం రాస్తారు.

"పాలు పడకుండా ఇంగ్లండులో ఎలా బతుకుతున్నావయ్యా?" అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న ముసలి వాల్టర్.

"నువ్వు నోరు మూసుకుని తిను," అని కసిరింది కెఫే యజమాని డోరీన్. "కూర్చో బాబూ. ఈ పెనానికి వెన్న అంటింది. వేరేది తోమి నూనెతో చేస్తాను. కాస్త ఆలస్యమవుతుంది మరి."

ఆమె మోచేతుల దాకా కడుక్కుంది. కళ్లద్దాలు పైకెత్తి రొట్టె పొట్లం మీది సన్నటి అక్షరాలు చదివి, దాన్ని పక్కన పెట్టేసింది. తన కోసం ఎవరూ ఇంత శ్రద్ధ తీసుకోలేదనుకున్నాడు ఏడ్రియన్. అది తన కోసం కాదు, ఎక్కడా లేని ఒక రోగి కోసం. ఆ రోగి మీద అతనికి అసూయ లాంటిది కలిగింది.

ఆ ధ్యాసలోనే నల్ల టీ వచ్చింది. బల్ల మీది జగ్గులోంచి చెయ్యి దానంతట అదే పాలు ఒంపుకుంది. గుక్కెడు తాగాడు.

పళ్లెం తెస్తున్న డోరీన్ కెవ్వుమంది. కప్పు లాగి విసిరేసింది. "ఆ జగ్గు నేను తీసెయ్యాల్సింది! నా వల్లే! వాల్టర్, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్!"

నిజం చెప్పి తానెవరో బయటపెడితే, రూలు ప్రకారం ఆ కెఫే పరిశోధన లెక్కలోకి రాదు. చెప్పకపోతే తప్పు ఆమెదవుతుంది. కొంచెం తాగితే ఏమీ కాదన్న ఇంకో అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చింది. వాల్టర్ అప్పటికే నంబరు నొక్కుతున్నాడు.

"వద్దు. నాకే జబ్బూ లేదు. ఇది ప్రభుత్వ పరిశీలన."

"సిగ్గు లేదూ?" అన్నాడు వాల్టర్.

డోరీన్ కూడా తిడితే బాగుండుననిపించింది. ఆమె కుర్చీలో కూలబడింది. "హమ్మయ్య, నీకేం కాదు కదా," అంది.

బయటికొచ్చి పై అధికారిణి హారియెట్‌కి ఫోన్ చేశాడు.

"టీలో పాలు పోసుకున్నావా? భలేవాడివే!" ఆమె పగలబడి నవ్వింది. "సరే, ఆ కెఫేని లెక్కలోంచి తీసేస్తున్నా."

"ఆవిడంత బాగా ఎవరూ చూసుకోలేదు, హారియెట్."

"రూలు రూలే కదా. తర్వాతి దానికి వెళ్లు."

చట్టం రాసేవాళ్ల దగ్గరికి నిర్లక్ష్యం చేసిన కెఫేలన్నీ చేరతాయి. డోరీన్ చేరదు. ఫోన్ పెట్టేశాక, హారియెట్‌తో పాటు తానూ నవ్వానని అతనికి గుర్తొచ్చింది.