కన్నీళ్లు రాని ఏడుపు

అమలమ్మకి తోడికోడలు రూతు అంటే ఒళ్లుమంట. ఆవిడ ఏం చేసిందమ్మా అంటే చెప్పడానికి ఏమీ లేదు, అదే అసలు మంట. ఏడాదిన్నర బాలశౌరి తల్లి చంకలో ఉండి కూడా పక్క వాటాలోని పిన్ని గుమ్మం వైపే చేతులు చాస్తాడు. కని, పెంచే చాకిరీ తనకి, ముద్దులు మాత్రం రూతుకా!

ఆ వేసవిలో పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇబ్రహీంపట్నంలో అందరు తల్లులూ చేసేదే అమలమ్మా చేసింది. నీళ్లు మాన్పించింది. తాగిందంతా కిందికే పోతుందని ఆవిడ నమ్మకం. "నీలు, నీలు" అని వాడు ఏడుస్తుంటే గుండె రాయి చేసుకుని కుండని కంటికి కనపడకుండా లోపల పెట్టింది.

పొయ్యి దగ్గరికెళ్లి వచ్చేసరికి మంచం మీద పిల్లాడు లేడు. ఇంకెక్కడుంటాడు? రూతు ఒళ్లో కూర్చుని, చెంచాతో పడుతున్నదేదో ఆబగా తాగుతున్నాడు.

"ఏం పోస్తున్నావే నా బిడ్డకి?"

"కాచి చల్లార్చిన నీళ్లక్కా. పంచదార, చిటికెడు ఉప్పు వేశా. మా పాపకి ఇలాగే అయితే గవర్నర్‌పేట డాక్టరుగారు పట్టమన్నారు. నీళ్లు మానిస్తేనే ప్రాణం మీదికొస్తదన్నారు."

"నీ పాపకే పట్టుకో! నా కొడుకుని మచ్చిక చేసుకోవడానికి వాడి జబ్బు కూడా కావాల్సొచ్చిందా నీకు?"

పిల్లాణ్ణి లాక్కుంది. వాడు పిన్ని కోసం గుక్కపట్టి ఏడ్చాడు. అలవాటు కొద్దీ కొంగుతో చెంపలు తుడవబోయింది అమలమ్మ. తుడవడానికి ఏమీ లేదు. చెంపలు పొడిగా ఉన్నాయి, కళ్లు లోపలికి పోయాయి.

"రూతూ, వీడికి కన్నీళ్లు రావట్లేదే!"

"నా భయమూ అదేనక్కా. పొద్దుట్నుంచీ ఉచ్చ పోశాడా?"

పోయలేదు. ఆ సంగతే అమలమ్మ పట్టించుకోలేదు.

తన చేత్తోనే చెంచా అందించబోయింది. వాడు మొహం తిప్పేసుకున్నాడు. పొద్దుట్నుంచీ నీళ్లు లేవన్నది ఆ చెయ్యే మరి. వాణ్ణి తన చేతులతో రూతు ఒళ్లో పెట్టడం కంటే కృష్ణలో దూకడం తేలికనిపించింది. అయినా పెట్టింది.

డాక్టరు దగ్గరికని ఎక్కిన విజయవాడ బస్సులో దారి పొడుగునా రూతు చెంచా చెంచాగా పట్టింది. అమలమ్మ పక్కన గ్లాసు పట్టుకుని కూర్చుంది. భవానీపురం దాటాక రూతు ఒక్కసారిగా నవ్వింది.

"పోశాడక్కా! నా చీరంతా తడిపేశాడు!"

అమలమ్మ భోరుమంది. బిడ్డ దక్కాడన్న సంతోషమే అది. కానీ ఆ తడి తన చీర మీద పడలేదే అన్న ఉక్రోషం కూడా అందులో ఉందని పైనున్న ప్రభువుకి తెలుసు.