పిచ్చుక రాసిన ఏడో అధ్యాయం

ఆ ఆఫీసులో పొద్దున్నే అందరూ టీ కప్పులు పట్టుకుని ఒక స్క్రీన్ ముందు చేరేవారు. ముందురోజు రాసిన కోడ్‌నీ, దాని పక్కన రాసుకున్న వివరణలనీ ఎవరో ఒకరు పైకి చదివేవారు. ఒక్కరు రాసినా, పదిమంది కలిసి రాసినా, పైకి చదివితే ఏ వాక్యానికావాక్యం చదివేవాళ్ళ నోట దాన్ని రాసినవాళ్ళ గొంతే వచ్చేది. అంచేత తప్పెవరిదన్న వాదులాట ఉండేది కాదు. ఎప్పుడో మానేసి వెళ్ళిన మనిషి గొంతు వినిపిస్తే, "పాపం, ఎక్కడున్నాడో" అనుకుని ముందుకెళ్ళేవారు.

టెస్టింగ్ చేసే అమ్మాయి రిపోర్టులు మాత్రం ఎవరూ పైకి చదివేవారు కాదు. తమ తప్పులు ఏకరువు పెడితే ఎవరికి ముద్దు? ఆ అమ్మాయికి నత్తి. మొదటి మాట కూడదీసుకునేలోపే టీమ్ లీడర్ అందుకునేవాడు.

"అర్థమైందమ్మా. తర్వాత?"

"సరేనండీ" అని కూర్చునేది. ఆ ఒక్క మాటే ఆమెకు తడబడకుండా వచ్చేది. ఇద్దర్ని తగ్గించమని పైనుంచి కబురొచ్చినప్పుడు, "బొత్తిగా చొరవ లేదు" అని అతను ఆమె పేరు ఇచ్చేశాడు.

ఈ లీడర్‌కి రచయిత అనిపించుకోవాలని మహా కోరిక. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఒక సైట్లో నవల రాస్తుంటే తనూ చేరాడు. అచ్చం కోడ్ రాసినట్టే అక్కడా ఎవరి ప్రతిలో వాళ్ళు రాసుకుంటే, ఇంకొకరు చూసి అసలుదాంట్లో కలిపేవారు. అందరివీ మారుపేర్లే. అతను ఎక్కువగా ఇతరులు రాసినదాంట్లో కామాలు పెట్టేవాడు.

ఏడో అధ్యాయం 'పిచ్చుక' అనే ఎవరో రాశారు. భర్త ఎదురుగానే ఉన్నా మాటలన్నీ గిన్నెలతో చెప్పుకునే ఇల్లాలి కథ అది. అతని భార్య దాన్ని మనసులో చదువుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఇది మీరు రాసిందేనా?"

కొన్నాళ్ళుగా ఇద్దరూ ఉప్పూ నిప్పుగా ఉన్నారు. అతను "ఊఁ" అనేశాడు. ఆ ఊఁతో ఇంట్లోకి మళ్ళీ నవ్వులొచ్చాయి.

ఆదివారం మామగారొచ్చారు. కంటికి ఆపరేషనైంది. "అల్లుడు ఏదో రాశాడట, చదవవే అమ్మా" అన్నారు కూతురితో.

"కళ్ళు బాగయ్యాక మీరే చదువుకుందురుగాని మావయ్యా" అన్నాడతను కంగారుగా.

"అందాకా ఈ చెవుల్నేం చేసుకోను?"

భార్య చదవసాగింది. ఆమె నోట ఎవరో పడుచుపిల్ల గొంతు, ఎక్కడా ఆగకుండా, హాయిగా సాగిపోతోంది. ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసింది. అతను నేలచూపులు చూశాడు. కాసేపటికి గొంతు ఉన్నట్టుండి మారింది.

"దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటంటే, మౌనం కూడా ఒక భాషే."

"అదుగో, ఇప్పుడొచ్చాడు మన అల్లుడు!" అన్నారు మామగారు.

"మీరు రాసింది ఈ ఒక్క వాక్యమేనా?" అంది భార్య.

"కామాలు కూడా" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలీదు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగి చదువుతూ పోయింది. కథలో ఇల్లాలు "సరేనండీ" అన్నచోట అతను చివ్వున తలెత్తాడు. ఆ గొంతు తను రోజూ వింటున్నదే. ఆ ఒక్క మాట తప్ప మిగతావేవీ తను బయటికి రానివ్వలేదు, అంతే.

మర్నాడు ఆ అమ్మాయి సీటు దగ్గర నిలబడ్డాడు. "నీ... నీ రిపోర్టు..." అని ఆగిపోయాడు. ఆమె అందుకోలేదు. అతను మాట కూడదీసుకునేదాకా ఓపిగ్గా చూసింది.

"నీ రిపోర్టు మీటింగులో పైకి చదవనా?"

"చ... చ... చదవండి" అంది. అతను చివరిదాకా విన్నాడు.

అద్దాల గదిలో పెద్ద మేనేజర్ ముందు అతను రిపోర్టు చదివాడు. అతని నోట ఆ అమ్మాయి గొంతు పలికింది. ఎక్కడ ఏం చెడిందో, దానివల్ల వాడేవాళ్ళకి ఏం కష్టమొస్తుందో, ఎలా సరిచెయ్యొచ్చో, పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పింది. ఎవరూ ఫోన్లు చూసుకోలేదు.

"ఎవరిదీ గొంతు?" అన్నారు మేనేజర్.

"మన టెస్టర్‌దండీ."

ఆయన తన ముందున్న, తీసెయ్యాల్సినవాళ్ళ జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఇలాంటి మనిషిని తీసెయ్యమన్నది ఎవరయ్యా?" అన్నారు.

గదిలో అందరూ టేబుల్ వైపే చూస్తున్నారు. అతను రిపోర్టు కింద పెట్టాడు.

"నేనేనండీ" అన్నాడు, తన సొంత గొంతుతో.