ఒకటో నెంబరు

మా ఊరి పేరు చెప్పను. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే దారిలో ఉంటుంది, అంతవరకే. అక్కడి మిషన్ స్కూల్లో మేస్టర్ని. పేరు అమృతరావు. ధైర్యం మీద పాఠం బాగా చెబుతానని పేరుండేది.

ఊరు ఊడ్చే పనివాళ్ళు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు, మా స్కూలు వెనకే ఉండేవారు. బజారు కుళాయిని వాళ్ళ ఆడవాళ్ళు ముట్టకూడదు. ఎవరో ఒకరు దయతలచి బిందెలో పోసేదాకా దూరంగా నిలబడాలి. డెబ్బై ఆరు మార్చిలో, ఆ పేటలోని జోగయ్య వచ్చి కుళాయి కోసం కలెక్టరుకి అర్జీ రాసిపెట్టమన్నాడు. ఎమర్జెన్సీ రోజులు. నలుగురు కలిసి నిలబడడమే నేరం. అయినా రాశాను, ఇంగ్లీషులో, కొంత గొప్ప కోసం కూడా.

జోగయ్య కాగితం మీద సత్తు గిన్నె బోర్లించి చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంబడే పేటవాళ్ళు ఇరవై మందీ వేలిముద్రలు వేశారు.

"ముందూ ఎనకా ఉండకూడదు బాబూ. ముందున్నోణ్ణే పట్టుకుంటారు. మా పెద్దోళ్ళ కాడినుంచీ ఇదే పద్దతి" అన్నాడు.

ఇంటికి తెచ్చాక నా చెయ్యి ఊరుకోలేదు. పదిహేనేళ్ళు హాజరుపట్టీ రాసిన చెయ్యి. పేర్లులేని ముద్రలు చూస్తే కలెక్టరు నవ్వుతాడనిపించింది. ప్రతి ముద్ర పక్కనా నెంబరు వేసి, కింద పేర్లు వరసగా రాశాను. గిన్నె తెచ్చినవాడు గనక ఒకటో నెంబరు జోగయ్యకిచ్చాను. వాళ్ళకి చదువు రాదు. నేనూ చెప్పలేదు. పోస్టులో వేసేశాను.

పదో రోజున పోలీసులొచ్చి ఒకటో నెంబరు ఎవడని అడిగి జోగయ్యని పట్టుకుపోయారు. కుట్ర అన్నారు. ఇంగ్లీషు రాసినవాడి పేరు చెబితే వదిలేస్తామన్నారట. జోగయ్య చెప్పలేదు.

నేను వెళ్ళి చెబితే సరిపోయేది. "వెళ్ళండి" అని నా భార్య దయావతి కూడా పోరింది. పరీక్షలయ్యాక వెళదామనుకున్నాను. తర్వాత బడి తెరిచాక అనుకున్నాను. వెళ్ళనివాడికి అన్నీ దుర్ముహూర్తాలే. ప్రతి సంతరోజూ జోగయ్య భార్య గున్నమ్మ మా గుమ్మం ముందుకొచ్చి, "ఏటి బాబూ, ఇడిసిపెట్టే కబురేటైనా తెలిసిందా?" అని అడిగేది. "ప్రార్థన చేస్తున్నానమ్మా" అనేవాణ్ణి. అబద్ధం కాదు. అదొక్కటే చేశాను.

డిసెంబరులో, జైల్లో జ్వరమొచ్చి జోగయ్య పోయాడని కబురొచ్చింది. బండి మీద శవాన్ని తెచ్చుకుని పూడ్చిపెట్టారు. మర్నాడు పొద్దున్న గున్నమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. నేనూ నేల మీద కూలబడ్డాను.

"నెంబర్లు వేసింది నేనే గున్నమ్మా. జోగయ్య పేరు మొదట రాసింది నేనే" అన్నాను. ఏడుపొచ్చింది. నా ఏడుపంటే నాకే అసహ్యమేసింది.

"తెలుసు బాబూ. టేసన్లో సదివి ఇనిపించేరట. దసరాకి సూడ్డానికెల్తే ఆడే సెప్పేడు."

"మరి పోలీసులకి నా పేరెందుకు చెప్పలేదు?"

"నానూ అదే అడిగేను. 'మనం సెప్తే మేస్టార్ని ఈడ్సుకొస్తారే. పిల్లలకి సదువు సెప్పే మడిసి. ఆయనంతట ఆయనొచ్చి సెప్పుకుంటే మర్యాదగా ఉంటాది. రేపొస్తారు' అన్నేడు. జొరంలో కూడా తలుపు సప్పుడైతే, మేస్టారేమో సూడండనీవోడట. పక్కనున్నోల్లు సెప్పేరు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ జైలు మా ఊరికి బస్సులో రెండున్నర గంటలు.