దసరాకు ఆపిన నాలుగు బోర్డులు

ఏటా ఫైనలియర్ పిల్లలు ఒక కాగితం పట్టుకుని మా పాలిటెక్నిక్ ల్యాబ్‌కు వస్తారు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు నాలుగింటిని ఒకదానితో ఒకటి కలిపి ఏమేం ప్రాజెక్టులు చెయ్యొచ్చో రాసుకొస్తారు. ఎప్పుడు చూసినా అవే. వెబ్‌సైటు నడపడం, పాటలు దాచుకోవడం, గణితంలోని పై (π) విలువను లక్ష అంకెల దాకా లెక్కగట్టడం. లక్ష అంకెలు ఎవడిక్కావాలి? నాకు ఒళ్లు మండుతుంది. "ఇంట్లో మనిషికి పనికొచ్చేది ఒక్కటి ఆలోచించుకుని రండి, పొండి" అని తరిమేస్తాను. నా నోరు మంచిది కాదని కాలేజీలో అందరికీ తెలుసు.

అలాంటి ప్రాజెక్టు నేనే ఒకటి చేశాను. మా బాపు కోసం.

బాపు పేరు జంగయ్య. నలభై ఏళ్లు ఇనుము చెక్కే లేతు మిషన్ మీద పనిచేసిన టర్నరు. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి చెప్పేవాడు. అమ్మ పోయిన రెండేళ్లకు ఆయన మతి తప్పడం మొదలైంది. తిన్నది మరిచిపోయేవాడు, తర్వాత మా పేర్లు మరిచిపోయాడు, ఆ తర్వాత ఇల్లే మరిచిపోయాడు. ఒకసారి వీధి చివర దొరికాడు. రెండోసారి మల్కాజ్‌గిరి నుంచి తార్నాక దాకా ఎండలో చెప్పులు లేకుండా నడిచిపోయాడు.

తిరుమలగిరిలో ఉండే మా చెల్లెలు కల్పలత ఆ రోజే తేల్చి చెప్పింది. "అన్నా, నువ్వు కాలేజీకి పోతవ్, వదిన బ్యాంకుకు పోతది. పనమ్మాయి ఎంతసేపని చూస్తది? బొల్లారంల ముసలోళ్లను చూసుకునే మంచి హోం ఉన్నది, ఇరవై నాలుగ్గంటలు మనుషులుంటరు. ఆడ ఉంచుదాం."

బాపును తీసుకెళ్లి ఎవరి చేతుల్లోనో పెట్టడమంటే నాకు తల కొట్టేసినట్టయింది. "ఒక్క అవకాశం ఇయ్యి" అన్నాను. మూడోసారి గనక బాపు తప్పిపోతే నోరెత్తకుండా బొల్లారం తీసుకెళ్తానని మాటిచ్చాను.

నెల రోజులు కూర్చుని నాలుగు బోర్డులూ కలిపాను. ముందు తలుపు మీద ఒకటి, వెనక తలుపు మీద ఒకటి, గేటు దగ్గర ఒకటి. మూడింటికీ కెమెరాలు. నాలుగోది హాల్లో గూట్లో కూర్చుని ఆ మూడూ చూసినదాన్ని కలిపి, అది బాపేనా, పక్కన ఎవరైనా ఉన్నారా అని తేల్చుకుంటుంది. ఒంటరిగా గడప దాటితే నా ఫోనూ, నా భార్య శ్రీలేఖ ఫోనూ, పనమ్మాయి ఫోనూ ఒకేసారి మోగుతాయి. కరెంటు పోతే బ్యాటరీ ఉంది. ఒక బోర్డు ఆగిపోతే మిగతా మూడూ ఆ సంగతి చెప్పేస్తాయి. కల్పలత వచ్చినప్పుడు ఒకదాని వైరు పీకి మరీ చూపించాను. "నాలుగూ ఒక్కసారే ఆగుడన్నది ఉండదు చెల్లె" అని గొప్పలు పోయాను.

తొమ్మిది నెలల్లో ఫోను పదకొండుసార్లు మోగింది. పదకొండుసార్లూ బాపు గేటు దగ్గరే దొరికాడు.

దసరా పొద్దున లేచి చూస్తే బాపు అప్పటికే స్నానం చేసి, పంచె కట్టుకుని, తన పాత పెట్టె ముందు కూర్చున్నాడు. పానాలు, కొలత పనిముట్లు, ఆకురాళ్లు అన్నీ బయటికి తీసి నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. చెయ్యి ఎక్కడా తడబడటం లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"రాజిగా, పీట కడిగినవా?" అన్నాడు.

రాజేందర్ అనే నా పేరు ఆయన నోట ఆ రూపంలో విని ఏడాది దాటింది. "కడుగుత బాపు" అన్నాను.

ఆయుధపూజ అంటే బాపుకు మొదటినుంచీ ఒకటే పట్టు. పొద్దున మిషన్‌ను కడిగి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి. మళ్లీ తెల్లారేదాకా దాన్ని నడపకూడదు. ఏడాదంతా మన కడుపు నింపింది, ఒక్క రోజన్నా దాన్ని ఊపిరి తీసుకోనివ్వాలి అనేవాడు. అర్జెంటు పని ఉందని ఒకసారి ఓనరు స్విచ్చి వేస్తే బాపు ఆ షాపే మానేశాడు.

పీట మీద పనిముట్లన్నీ పేర్చాక ఆయన తలెత్తి గూటి వైపు చూశాడు. "నీ మిషన్లు ఏవి? నడుస్తనే ఉన్నయి గదా, దీపాలు కొడ్తున్నయి."

"అవి ఆపేటివి కాదు బాపు."

"ఆపనిది ఏ మిషన్‌రా? పండుగ పూట దాన్ని గింత సుత ఆగనియ్యవా?"

అందులో కోపం లేదు. చిన్నప్పుడు నాకు పని నేర్పిన గొంతే అది. నేను లేచి నాలుగు బోర్డులూ ఆపేశాను. వాటిని డబ్బాలతో సహా తెచ్చి పీట మీద పెట్టాను. బాపు ఒక్కొక్కదానికీ గంధం అద్ది కుంకుమ పెట్టాడు. "రేపు పొద్దటిదాక ముట్టకు" అన్నాడు. శ్రీలేఖ నా వైపు చూసింది. "పండుగే గదా, అందరం ఇంట్లనే ఉన్నం" అన్నాను. ఆ పూట నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకునే వేళ కాలనీ వాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. తలుపులు తీసే ఉన్నాయి. కాళ్లకు మొక్కేవాళ్లు, అలాయ్‌బలాయ్ కౌగిలింతలు, నవ్వులు. బాపు కుర్చీలో కూర్చుని అందరి తలలమీదా చెయ్యి పెడుతున్నాడు. ఎవరినో సాగనంపడానికి నేను గేటుదాకా వెళ్లి రెండు మాటలు మాట్లాడి వచ్చాను. అప్పటికి కుర్చీ ఖాళీగా ఉంది.

"మామ మీతోనే బయటికి వచ్చిండనుకున్న" అంది శ్రీలేఖ. వెనక తలుపు బార్లా తీసి ఉంది.

రెండు గంటలు బండి మీద గల్లీ గల్లీ తిరిగాను. చివరికి రైల్వే పోలీసు ఒకాయన ఫోన్ చేశాడు. బాపు చొక్కా జేబులో నా నంబరు కుట్టి ఉంచాం. లోకల్ స్టేషన్ మెట్ల మీద పడి ఉన్నాడట. ఆస్పత్రిలో చూస్తే నుదుటికి ఏడు కుట్లు, కుడి మోచెయ్యి విరిగింది. ఎడమ పిడికిలిలో జమ్మి ఆకు నలిగి ఉంది. తనకు పని నేర్పి, ఎప్పుడో పోయిన ఉస్తాద్‌కు ఇచ్చి రావడానికి బయల్దేరానని బాపే అన్నాడట, నర్సు చెప్పింది.

కల్పలత పరుగున వచ్చింది. బాపును చూసి, నా దగ్గరికి వచ్చి, మెల్లగానే అడిగింది. "ఫోను మోగలేదా అన్నా?"

"కరెంటు పోయింది" అన్నాను. ఆ అబద్ధం దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"బ్యాటరీ ఉన్నదంటివి గదా?"

నేను బాపు మంచం వైపు తిరిగాను.

"ఒకటి ఆగితె మిగిలినయి చెప్తయంటివి. నాలుగు ఒక్కపారే ఎట్ల ఆగినయ్?"

నేను చెప్పిన గొప్పలన్నీ దానికి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఇక దాచలేకపోయాను. "నేనే బంద్ పెట్టిన. ఆయుధపూజని."

అది తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకానుకుంది. అంతలో మంచం మీంచి బాపు గొంతు వినిపించింది. కళ్లు మూసుకునే ఉన్నాడు.

"వాన్ని ఏమనకు బిడ్డా. బంద్ పెట్టమన్నది నేను. నా మాట ఇన్నడు, గంతే."

ఆయనకు ఆ పొద్దు మొత్తం గుర్తుంది. మరుక్షణమే, "కాయ కొట్టిండ్రా?" అని ఇంకెవరినో అడిగి నిద్రలోకి జారిపోయాడు. నేను వరండాలోకి వచ్చి గుండె పగిలేలా ఏడ్చాను.

కల్పలత వెనకే వచ్చి నా భుజం పట్టుకుంది. "అన్నా, పోనీ. ఇంకొక్కపారి చూద్దాం తియ్యి. బాపును నీ దగ్గర్నే ఉంచుకో. ఇగ బంద్ పెట్టవు గదా?"

ఏడాదంతా దాని నోటి నుంచి నేను వినాలనుకున్న మాట అది. ఒప్పుకుంటే సరిపోయేది. పొద్దున బాపు నన్ను పేరు పెట్టి పిలిచిన పిలుపు గుర్తొచ్చింది.

"బొల్లారం తోల్కపోదాం చెల్లె" అన్నాను. "మల్ల దసరాకు బాపు బంద్ పెట్టమంటే నేను మల్ల బంద్ పెడ్త. ఆ హోంల ఉండేటోళ్లయితే పెట్టరు. వాళ్లు ఆయన కొడుకులు కారు."