నాలుగు మూలల పసుపు

వసంత సంచిలో ముందు దుప్పటి పెట్టింది. ఎలక్షన్ డ్యూటీ పడ్డ బడిలో రాత్రి నేల మీదే పడుకోవాలట. దాని మీద రెండు చీరలు, దోమల చక్రం, ఫోను చార్జరు. నేను సకినాల డబ్బా ఇస్తే, "రేపు రాత్రికి వస్త కదా అత్తమ్మా, గిన్ని ఎవరు తింటరు?" అని నవ్వింది. అయినా తీసుకుంది.

ఇంట్లో ఎవరు సంచి సర్దినా నాకు భయమే. నా భర్త ముత్తయ్య గొర్లను తోలుకుని వలస పోతుంటే ఆయన సంచి నేనే సర్దాను. కాలువ గట్టు మీద పిడుగు పడింది. శవాన్ని ట్రాక్టర్లో తెచ్చారు. అప్పటి నుంచి, వెళ్లేవాళ్లను ఎప్పుడొస్తారని అడగందే గడప దాటనివ్వను.

వసంత నా కోడలు, సర్కారు బడి టీచరు. పుట్టిల్లు మిర్యాలగూడ. నా కొడుకు జితేందర్ మా ఊరి సర్పంచి ఎన్నికలో ఉంగరం గుర్తు మీద నిలబడ్డాడు. ఎదుట ఐలయ్య, కత్తెర గుర్తు. ఊరు సగం సగంగా చీలిందని అందరికీ తెలుసు. వసంతకు డ్యూటీ కోదాడ అవతల, అనంతగిరి మండలంలో పడింది. పోలింగ్ నాడు ఇక్కడ ఉండదు కాబట్టి పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. పోయేముందు చివ్వెంల మండలాఫీసులోని డబ్బాలో దాన్ని వేసి పోవాలి.

ఆ కవర్లు చేతికొచ్చిన నాటి నుంచి ఆమె ఎంత జాగ్రత్త పడిందో చూశాను. ఓటరు తనేనని రాసిచ్చే కాగితం మీద హెడ్మాస్టరు సంతకం తెచ్చుకుంది. బ్యాలెట్ చిన్న కవర్లో పెట్టి అంటించాలి. సంతకాల కాగితం అందులో పెట్టకూడదు. రెండూ కలిపి పెద్ద కవర్లో వేయాలి. లెక్కింపు మొదలుకాక ముందే చేరాలి. సూచనల కాగితం నేనూ చదివాను. అచ్చులో ఏది కనపడినా కూడబలుక్కుని చదవడం నా అలవాటు. ఓటు గుర్తు తప్ప బ్యాలెట్ మీద ఇంకే గుర్తూ ఉండరాదని అందులో ఉంది.

మా వార్డు మెంబరు ఎన్నిక ఏకగ్రీవమైంది. మిగిలింది గులాబీ రంగు సర్పంచి కాగితం ఒక్కటే. సంచి కట్టాక వసంత గోడ వైపు తిరిగి టిక్కు పెట్టింది. మడవబోతుంటే జితేందర్ వచ్చాడు.

"ఏదీ, సూడనీ."

"ఓటు ఎవ్వలికీ సూపియ్యొద్దు."

"మొగనికి గూడనా? ఐలయ్య పెండ్లాం నీ దోస్తు గదా, అందుకేనా?"

ఐలయ్య భార్య అరుణ కూడా వసంత బడిలోనే టీచరు. నామినేషన్ వేసిన నాటి నుంచి మావాడు ఈ మాటతోనే పొడుస్తున్నాడు. కాగితం లాక్కున్నాడు. టిక్కు ఉంగరం మీదే ఉంది. వాడి మొహం విచ్చుకుంది. ఆ సంబురంలో దేవుడి గూటి దగ్గరికి పోయి, తడి పసుపు వేలికద్దుకుని, నాలుగు మూలలా పెట్టేశాడు.

మా ఇళ్లలో అది పద్ధతి. పెండ్లి పత్రికైనా, బండి కాగితాలైనా, పిల్లల హాల్ టికెట్టైనా మూలలకు పసుపు తగిలాకే బయటికి పోతాయి.

"అయ్యో, ఏం జేసినవ్! ఇగ గిది చెల్లది, కొట్టేస్తరు."

"నామినేషన్ కాగితాలకు పెడితే సారు తీస్కోలేదా? కండ్లకద్దుకొని తీస్కున్నడు."

"గది వేరే. ఖరాబైందని చెప్పి వాపస్ ఇస్త, ఇంకోటి అడుగుత."

"ఇంకోటి తీస్కొని కత్తెరకేస్తవా?"

"ఆమె చెప్పేది నిజమే బిడ్డా, ఆ కాగితంల రాసుంది," అన్నాను.

"నువ్వూకో అవ్వా. పసుపు పెట్టినంక తీసేసుడు ఏంది, ఇంటికి అరిష్టం."

కవరు వాడే అంటించాడు. ఆమెను బండి మీద చివ్వెంల తీసుకెళ్లి, డబ్బాలో వేసేదాకా పక్కనే నిలబడి, కోదాడ బస్సెక్కించి వచ్చాడు. గడప దాటేటప్పుడు నేను అడిగాను. "రేపు రాత్రికి," అంది. ఈసారి నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం బడి గేటు ముందు ఊరంతా ఉంది. ముందు పోస్టల్ ఓట్లే తీశారు. మావాడి ఏజెంటు దేవ్‌సింగ్ బయటికొచ్చాడు.

"పోస్టల్‌వి రెండే. ఒకటి కొట్టేసిన్రు. మూలలకు పసుపుందట."

రెండోది హోంగార్డు ఫకీరాది, వాళ్లది సాయబుల ఇల్లు. "ఫకీరా ఇంట్ల ఓటుకు పసుపెవలు పెడ్తరే!" అని ఎవరో అంటే గుంపంతా నవ్వింది. నవ్వి నా వైపు చూసింది.

ఐలయ్య ఒక్క ఓటుతో గెలిచాడు. ఆ కాగితం చెల్లితే సమానమయ్యేది, చీటీ తీసేవాళ్లు. చీటీలో ఎవరొచ్చేవారో ఎవరికి తెలుసు.

పొద్దుగూకే వేళకు మా వాకిట్లో మనుషులు నిండారు. అవతలి వీధిలో పటాకులు కాలుస్తున్నారు. "నీ ఓటు నీ ఇంట్లనే ఖతమైందన్నా," అన్నాడు దేవ్‌సింగ్.

జితేందర్ తల ఎత్తాడు. "టీచరమ్మకు తెల్వదా, పసుపు పెడితే చెల్లదని? ఎరుకుండే పెట్టింది. దోస్తుకు దావత్ ఇచ్చింది."

"నా కండ్ల ముంగట నువ్వే కదరా పెట్టినవ్!" అన్నాను, అందరికీ వినపడేలా.

"అవ్వకు కోడలంటే పానం. ఏమన్నా చెప్తది," అన్నాడు. కొందరు నవ్వారు.

ఆ మాట ఊరంతా పాకింది. చీకటి పడ్డాక వాడి ఫోను మోగింది. వసంతే. పెట్టెలు అప్పగించి కోదాడ బస్టాండుకు వచ్చిందట. వాడు అందరూ వినాలని స్పీకరు పెట్టాడు.

"ఏం మొహం పెట్టుకొని వస్తవ్ ఊర్లెకు?"

"అరుణ ఫోన్ జేసి చెప్పింది, నువ్వు నా పేరు చెప్తున్నవంట. పసుపు ఎవరు పెట్టిన్రో గాడున్నోళ్లకు ఒక్కసారి చెప్పు. నువ్వు చెప్తే ఇప్పుడే బస్సెక్కి వస్త."

వాడు దేవ్‌సింగ్‌ను చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వే పెట్టినవ్," అన్నాడు ఫోనులో.

ఫోను కట్టయింది. నేను లోపలికి పోయి నా ఫోను నుంచి చేశాను.

"బిడ్డా, నేను చెప్పిన. అందరి ముంగట చెప్పిన."

"నువ్వు చెప్తవ్ అత్తమ్మా, నాకు తెల్సు. ఆయన చెప్పలే."

ఆమె వెనకాల కండక్టరు మిర్యాలగూడ, మిర్యాలగూడ అని అరుస్తున్నాడు. ఎప్పుడొస్తవని అడగబోయాను. అడగలేదు.

తర్వాత పెద్దమనుషులు మిర్యాలగూడ పోయొచ్చారు. ఆమె మళ్లీ ఆ ఒక్క మాటే అడిగిందట. నా కొడుకు ఆ మాట చెప్పలేదు.

వసంత డిసెంబరు పదమూడు, శనివారం పొద్దున మా ఇంట్లోంచి డ్యూటీకి వెళ్లింది. తిరిగి రాలేదు.