బస్రాలో ఉన్నాయనకి

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, పొద్దున ఎనిమిదింటికి ప్రేమమ్మ ఎసట్లో బియ్యం పోయబోతోంది. మిరపకోతకి పోయే కోడలు క్రిస్టీనా క్యారేజీ కడిగి పక్కన పెట్టింది. రోజూలాగే ప్రేమమ్మ ఒక పిడికెడు తీసి చర్చి కానుక డబ్బాలో వేసింది. రెండో పిడికెడు పొయ్యి పక్కనున్న ఇత్తడి ముంతలో వేసి, "బస్రాలో ఉన్నాయనకి" అంది.

ఆ మాట ఆమెది కాదు, అత్తగారి అత్తగారు గురవమ్మది. వందేళ్ళ కిందట తెల్లదొరల యుద్ధంలో మూటలు మొయ్యడానికి సముద్రం అవతల ఎడారి దేశంలోని బస్రాకి పర్చూరు చుట్టుపక్కల మనుషుల్ని తీసుకుపోయినప్పుడు, గురవమ్మ మొగుడు ఏసోబూ వెళ్ళాడు. ఎవరి మీద ఎవరు యుద్ధం చేస్తున్నారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ గింజలు ప్రియమయ్యాయి. అయినా గురవమ్మ జొన్నల్లోంచే ఆ పిడికెడు తీసేది. కుండ దించేసరికి ముంత ఖాళీ అయ్యేది. ఎడారిలో దండుకి తిండి అందని రోజుల్లో కూడా తన కడుపు దానంతటదే నిండేదని ఏసోబు తిరిగొచ్చాక చెప్పాడు. "పెట్టావులే జొన్నకూడు, ఉప్పు తక్కువైంది" అని పెళ్ళాన్ని ఆటపట్టించేవాడట.

ఆయనా పోయాడు, ఆవిడా పోయింది. మాట మాత్రం మిగిలింది. ముంత ఖాళీ కావడమూ ఆగలేదు. ఇంకా ఎవరు తింటున్నారని ప్రేమమ్మ కొత్తల్లో అడిగితే, "అక్కడెవరో ఒకాయన ఆకలిమీద ఉంటాడులే. నువ్వు పెట్టు" అంది అత్తగారు.

ఇప్పుడక్కడ ప్రేమమ్మ కొడుకు ప్రభు ఉన్నాడు. అతను పనిచేసే సరుకుల ఓడని యజమాని వదిలేస్తే, అది బస్రా రేవు బయట ఆగిపోయింది. దిగనివ్వరు. ఓడలో తిండి అయిపోయింది. కొన్నాళ్ళుగా ఫోన్ కూడా లేదు. క్రిస్టీనాకి మోకాళ్ళ ప్రార్థనే తిండీ నిద్రా అయింది.

ఎసరు పొంగుతుండగా ఫోన్ మోగింది. ప్రభు గొంతులో నీరసం లేదు. అతని బాధ కూడా అదే.

"అమ్మా, నాకు రోజూ కడుపు నిండుతోందే. మిగతావాళ్ళకి లేదు. మా వంటాయన నిన్నట్నుంచీ లేవట్లేదు. నాకొక్కడికే ఎందుకే?"

లైను తెగిపోయింది.

మొగుడు బతికున్నాడని క్రిస్టీనా ఏడుస్తూనే నవ్వింది. ప్రేమమ్మ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది గానీ, ముంత దగ్గర తను అనే మాటని సాయంత్రం దాకా నోట్లో తిప్పుకుంటూనే ఉంది. ఉన్నాయన. పాపం, గురవమ్మకి కావలసింది ఒక్క మొగుడే. తర్వాతవాళ్ళూ అదే అంటూ వచ్చారు.

"ఒక్కాయనకని పెడితే ఒక్కాయనకే పోతుంది కదమ్మాయ్" అంది కోడలితో.

క్రిస్టీనాకి అర్థమైంది. భయమూ వేసింది. "మాట మారిస్తే ఆయనకీ అందకుండా పోతే అత్తయ్యా?"

"వాడు నా కడుపున పుట్టినవాడే. అయినా వాడొక్కడే తింటూ ఎన్నాళ్ళుంటాడు?"

మర్నాడు పొద్దున క్రిస్టీనా కోతకి వెళ్ళలేదు. పిడికెడు తనే తీసింది. చాలాసేపు ముంత మీద అలాగే పట్టుకుని, కళ్ళు మూసుకుని, "బస్రాలో ఉన్నవాళ్ళకి" అని వదిలింది. అత్తాకోడళ్ళు ముంతకేసి చూడకుండా పొయ్యి ముందు కూచున్నారు.

ఫోన్ మోగింది. ముందు ఒక తేన్పు వినపడింది. ఆ వెనక, ఎవరిదో కొత్త గొంతులో ఇంకొకటి. ఆ తర్వాత ప్రభు నవ్వు.

"అమ్మా, వంటాయన లేచి కూచున్నాడు. ఉప్పు తక్కువైందంటున్నాడు."

క్రిస్టీనా కళ్ళు తుడుచుకుని, ఉప్పు డబ్బా అందుకుంది.