పెద్దావిడ అపోహ

దర్జీ ఆవిడ ఇంటి కప్పు మీద సోలార్ పలకలూ, పెరట్లో హీట్ పంపూ అమర్చి రెండు నెలలైంది. ఎండ ఇచ్చే కరెంటుతో పంపు నడుస్తుందనీ, బయటి గాలిలోని వేడిని లాగి గదుల్లోకి పంపుతుందనీ కంపెనీవాళ్లు చెబితే నమ్మి, పాత బొగ్గు పొయ్యి తీయించేసింది. తీరా చలికాలం వచ్చాక వేళ్లు కొంకర్లు పోయి సూదిలో దారం ఎక్కడం లేదు. అత్తగారు రెండు దుప్పట్లు కప్పుకుని మంచం దిగడమే మానేసింది.

మూడోసారి ఫిర్యాదు చేశాక కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వేసుకున్న కోటు విప్పకుండానే గదులన్నీ తిరిగాడు.

"అంతా బాగానే ఉందమ్మా. పెద్దవాళ్లకి ఎప్పుడూ చలిగానే ఉంటుంది" అని, ఓ కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు.

'యంత్రంలో లోపం లేదు. పెద్దావిడ అపోహ' అని ఉంది అందులో.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదివింది. పైనున్న దుప్పటి తీసి మడతపెట్టింది. "నాకు చాదస్తం ఎక్కువైందేమోనే" అంది మెల్లగా.

ఆ మాటకి కోడలికి ఒళ్లు మండిపోయింది.

ఫ్రిజ్‌లు బాగుచేసే తమ్ముణ్ని పిలిపించింది. అతను పెరట్లోకి వెళ్లి చూశాడు. గోడకీ కట్టెల కొట్టానికీ మధ్య మూరెడు సందులో యంత్రాన్ని ఇరికించారు.

"అక్కా, ఇది తిరగేసిన ఫ్రిజ్ లాంటిది. గాలిలో వేడి లాక్కుని, చల్లబడ్డ గాలిని బయటికి వదులుతుంది. ఇక్కడ ఆ గాలి పోయే దారేదీ? వదిలినదాన్నే మళ్లీ పీలుస్తోంది." మీటరు పెట్టె కూడా తెరిచాడు. "ఇంకోటి చూడు. ఎండ కరెంటంతా నేరుగా వీధి లైన్లోకి పోతోంది. పంపుకి అందులో చుక్క కూడా అందట్లేదు, వీధి కరెంటుతోనే నడుస్తోంది."

మర్నాడు పొద్దున్నే ఆమె కంపెనీ ఆఫీసుకి వెళ్లి, కాగితాన్ని మేనేజరు బల్ల మీద పెట్టింది.

"తనిఖీ అయిపోయింది కదండీ" అన్నాడతను.

"మా అత్తగారు ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఎంతుందో చెప్పేది. ఆవిడకి చలేదో వేడేదో తెలీదా? మీరొచ్చి మా ముందుగదిలో అరగంట కూర్చోండి. కోటు విప్పి కూర్చోండి."

ఫిర్యాదు చేయడానికి వెనక వరసలో నిలబడ్డ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మాకూ గోడ మూలనే పెట్టారమ్మా. నా కాగితంలోనూ అపోహనే రాశారు."

అందరూ మేనేజరు వైపే చూస్తున్నారు. అతను లేవక తప్పలేదు.

ముందుగదిలో పది నిమిషాలకే చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. "దుప్పటి ఇవ్వనా బాబూ?" అని అత్తగారు నిజంగానే అడిగింది. అతనికి తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

ఆ వారంలోనే పంపుని ఖాళీ జాగాలోకి మార్చారు, తీగ సరిచేశారు. ఇల్లు వెచ్చబడింది. అత్తగారు మంచం దిగి, కిటికీ దగ్గర కూర్చుని కోడలు కుట్టిన చొక్కాలకి కాజాలు కుట్టిపెడుతోంది.

"చిన్న పొరపాటండీ" అన్నాడు పని చూడ్డానికొచ్చిన మేనేజరు, వెళ్తూ.

చిన్నదా? ఓ మనిషి చేత తన ఒంటినే తను నమ్మకుండా చేయడం చిన్నదా? దర్జీ ఆవిడ కోపం చల్లారలేదు. ముసలాయన్ని వెంటబెట్టుకుని, ఆ కంపెనీ పంపులున్న ఇళ్లకి బయల్దేరింది.

మొదటి ఇంట్లో తలుపు తీసినావిడ ఒంటి మీద రెండు స్వెట్టర్లున్నాయి. "మాకు పంపు వాడటం రాదన్నారండీ" అంది, నవ్వబోతూ.

దర్జీ ఆవిడకి నవ్వు రాలేదు.

"మీ పెరట్లోకి దారి ఎటండీ?" అంది.